థ్రాటిల్ బాడీ మార్చిన పిదప బండికి మరల నేర్పవలెను

కూరగాయలు, పూలు పండించు గ్రామములలో నేడు ఎద్దుబండి స్థానమును చిన్న సరకుల బండ్లు ఆక్రమించినవి. తెల్లవారకమునుపే తోటలో క్రేట్లు ఎక్కించి, పొద్దెక్కులోపల బజారుకు చేర్చు పని వీటిది. దుక్కిటెద్దుకు జబ్బుచేసినచో మన రైతునకు చూచిన తక్షణమే తెలియును. మేత ముట్టకున్నను, చెవులు వాల్చినను కారణము ఊహింపగలడు. కాని ఈ బండికి జబ్బుచేసినపుడు దానిని మెకానిక్కు చేతికి అప్పగించి, అతడు చెప్పినది నమ్మి, అడిగిన సొమ్ము ఇచ్చి రావలసినదే. పెట్రోలుతోను, సి.ఎన్.జి. గ్యాసుతోను నడచు బండ్ల విషయమున తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: “థ్రాటిల్ బాడీ పోయింది, మార్చాల.” ఆ వస్తువేమి, అది నిజముగా పోయినదో లేదో ఎట్లు తెలిసికొనవలెను, మార్చినచో తరువాత ఏమి చేయించవలెను అను సంగతులను ఇందు వివరింపదలచినాను. మార్చుటకంటె మార్చిన తరువాతి పనియే ముఖ్యమైనదని ముందుగనే మనవి చేయుచున్నాను.

నేను మెకానిక్కును కాను. బి.ఎస్సీ. అగ్రికల్చర్ చదువు దినములలో ట్రాక్టరు ఇంజనును విప్పి భాగములు చూపించిరి గాని, ఇంజనుకు కంప్యూటరు అను ఒక యజమాని ఉండునని, దానికి జ్ఞాపకశక్తి కలదని ఎవరును చెప్పలేదు. ఈ సంగతి నాకు తెలిసివచ్చినది ఒక రైతు నష్టపడుటవలన.

ఒక రైతు అనుభవము

పీలేరు ప్రాంతమున టమాట వేయు రైతు ఒకరికి పెట్రోలుతో నడచు చిన్న సరకుల బండి కలదు. 2024 వేసవిలో ఆ బండికి ఒక అలవాటు పట్టుకొనెను. పరుగులో బాగుగనే ఉండును. కూడలివద్దగాని, గతుకువద్దగాని యాక్సిలరేటరునుండి కాలు తీసినచో ఇంజను వణికి ఆగిపోవును. “సెల్ఫ్ కొడితే మళ్ళా లేస్తాది సార్, కానీ రైలు గేటుకాడ ఆగిపోతే ఎట్ల?” అని ఆయన నాతో అనెను. నేను పంటకు వచ్చిన ఊజీ ఈగను చూడబోయి బండి జబ్బును విని వచ్చితినిగాని, అపుడు నాకు చెప్పుటకు ఏమియు తోచలేదు.

రోడ్డుప్రక్క ఒక షెడ్డులో చూపింపగా, థ్రాటిల్ బాడీ మార్చవలెనని చెప్పిరి. ఒక కోత టమాటల సొమ్ము దానికే సరిపోయినది. సాయంత్రము క్రొత్తది బిగించి తాళము త్రిప్పగా, కాలు పెట్టకయే ఇంజను రొద చేయ మొదలిడెను. మునుపు ఆగిపోవు బండి ఇపుడు అణగుటలేదు. “కొత్త సామాను కదా, రెండు దినాలు తిరిగితే సర్దుకుంటాది” అని చెప్పి, రెక్కప్రక్కనున్న చిన్న స్క్రూను కొంత త్రిప్పి పంపివేసిరి.

మూడవనాడు చీకటితో రైతు కుమారుడు ఇరువదియైదు క్రేట్లు వేసికొని తిరుపతికి బయలుదేరెను. భాకరాపేట ఘాటు దిగునపుడు కాలు తీసినను ఇంజను వేగము తగ్గలేదు. దిగుడులో బండిని పట్టి ఉంచవలసిన ఇంజనే బండిని ముందుకు నెట్టుచుండెను. మలుపు మలుపునకు బ్రేకు త్రొక్కి, త్రొక్కి, చివరకు కాలిన వాసన పుట్టి, బ్రేకు మెత్తబడినది. ఆ పిల్లవాడు కొండవైపు మట్టిలోనికి బండిని దింపి, తాళము తీసి, గేరులో ఉంచి నిలిపినందున ప్రాణాపాయము తప్పినది. బ్రేకులు చల్లారువరకు అక్కడనే కూర్చుండెను. తిరుపతి చేరుసరికి దుకాణమువారు మరొకచోట సరకు తీసికొనిరి. మిగిలినది సగము ధరకు పోయినది. ఆ సాయంత్రము తండ్రి నాకు ఫోను చేసి, “పాత రోగమే మేలు సార్. ఆగిపోయేది, అంతే. ఇది ఆగమంటే ఆగదు” అనెను.

క్రొత్తగా వేసిన సామాను మంచిదే. చెడినది కంప్యూటరు లెక్క.

ఈ వస్తువు చేయు పని

పెట్రోలు ఇంజనులో మన కాలు అదుపుచేయునది పెట్రోలును కాదు, గాలిని. గాలి వడపోత పెట్టెకును, ఇంజనులోనికి గాలి పోవు గొట్టములకును నడుమ ఒక లోహపు గొంతు ఉండును. ఆ గొంతులో గుండ్రని రెక్క ఒకటి ఇరుసుమీద తిరుగును. దీనినే థ్రాటిల్ బాడీ అందురు. రెక్క తెరచినకొలది గాలి హెచ్చుగా పోవును. ఎంత గాలి పోయినదో సెన్సార్ల ద్వారా తెలిసికొని, దానికి తగిన పెట్రోలును కంప్యూటరు చిమ్మించును. తూకము ప్రకారము ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను, సి.ఎన్.జి.కి సుమారు 17 పాళ్లు. పూర్వము ఈ కొలతపని కార్బురేటరు చేసెడిది. భారత్ స్టేజి-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను అమలులోనికి వచ్చిన పిదప మోటారుసైకిళ్లకు సైతము కార్బురేటరు పోయి ఈ ఏర్పాటు వచ్చినది.

డీజిలు ఇంజను సంగతి వేరు. అందు వేగమును అదుపుచేయునది డీజిలు పరిమాణమే. క్రొత్త డీజిలు బండ్లలోను ఒక రెక్క ఉండవచ్చును గాని, అది ముఖ్యముగా పొగ శుద్ధికి సంబంధించిన పనులకు ఉద్దేశించినది. ట్రాక్టరు స్టీరింగుప్రక్కనుండు చేతి థ్రాటిలుకును ఈ వ్యాసమునకును సంబంధము లేదని ట్రాక్టరుగల సోదరులు గమనించవలెను.

పాత బండ్లలో కాలిక్రింది పెడలునుండి రెక్కకు ఇనుపతీగ ఉండెడిది. ఇపుడు పెక్కింటిలో ఆ తీగ లేదు. పెడలు ఎంత నొక్కితిమో సెన్సారు కంప్యూటరుకు తెలుపును. కంప్యూటరు ఒక చిన్న మోటారుచేత రెక్కను త్రిప్పించును. రెక్క ఎక్కడ ఉన్నదో చెప్పుటకు రెండు సెన్సార్లు ఉండును. ఒకటి అబద్ధమాడినను రెండవదానితో సరిచూచుకొనుట దీని ఉద్దేశము. కొన్ని బండ్లలో ఒక సెన్సారు వోల్టేజి పెరుగుచుండగా రెండవదానిది అంతే తగ్గుచుండును. రెండును కూడిన ఎప్పుడును 5 వోల్టులకు దగ్గరగా ఉండవలెను. లెక్క కుదరనిచో కంప్యూటరు రెక్కను వదలివేయును. అపుడు లోపలి స్ప్రింగు దానిని కొద్దిగా తెరచి ఉంచును. బండి కుంటుచు ఇంటికి చేరుటకు మాత్రము ఆ గాలి చాలును.

నీరుగంటి ఉపమానము

కాలు తీసినపుడు ఇంజను ఆగక నెమ్మదిగా తిరుగుటను మెకానిక్కులు ఐడిల్ అందురు. ఇంజను వేడెక్కిన పిదప ఇది పెక్కు బండ్లలో నిమిషమునకు సుమారు 700 నుండి 900 చుట్ల వరకు ఉండును. ఆ సమయమున రెక్క దాదాపు మూసియే ఉండును. దాని అంచుచుట్టునున్న సన్నని సందునుండి గాలి పోవును. ఇంజను అడుగుభాగమునుండి తిరిగి పీల్చబడు నూనె ఆవిరి, వడపోత దాటి వచ్చు సన్నని ధూళి కలిసి సరిగా ఆ అంచుననే నల్లని మకిలిగా పేరుకొనును. సందు మూసికొనిపోవును.

దీనిని చెరువు తూముతో పోల్చి చూడుడు. తూము నోట పూడిక చేరినకొలది నీరుగంటి షట్టరును ఒక్కొక్క వ్రేలు హెచ్చుగా ఎత్తుచు పోవును. పొలమునకు పారు నీరు మాత్రము మునుపటివలెనే ఉండును. అందుచేత పూడిక సంగతి ఆయకట్టువారికి తెలియదు. కొంతకాలమునకు షట్టరును ఇంత ఎత్తవలెనను సంగతి నీరుగంటికి అలవాటైపోవును. ఒకనాడు పూడిక తీసివేసితిరి. ఆ సంగతి తెలియని నీరుగంటి మరునాడును అంతే ఎత్తినచో ఏమగును? కాలువ పొంగి గట్లు తెగును.

కంప్యూటరు చేయునదియు ఇదియే. మకిలి పెరిగినకొలది రెక్కను కొంచెము కొంచెముగా హెచ్చుగా తెరచుచు, ఆ లెక్కను జ్ఞాపకమునందు వ్రాసికొనుచు పోవును. దాని సర్దుబాటునకు ఒక హద్దు కలదు; హద్దు దాటినపుడే ఐడిల్‌లో బండి ఆగిపోవుట మొదలగును. అపుడు మనము క్రొత్త థ్రాటిల్ బాడీ వేసినను, పాతదానినే శుభ్రము చేసినను, తూము పూడిక తీసినట్లే. కంప్యూటరు మాత్రము పాత లెక్క ప్రకారము రెక్కను తెరచును. ఇంజను రొద పెట్టును. లేదా పైకి క్రిందికి ఊగులాడును.

ఇంకొక చిక్కు కూడ కలదు. ఏ రెండు థ్రాటిల్ బాడీల సెన్సార్లును సరిగా ఒకే వోల్టేజిని చూపవు. పాతదానిలో రెక్క పూర్తిగా మూసినపుడు 0.62 వోల్టు వచ్చెడిది, క్రొత్తదానిలో 0.70 వచ్చుచున్నది అనుకొనుడు. రెక్క మూసియున్నను, అది కొంత తెరచియున్నదని కంప్యూటరు భ్రమపడును. కాలు తీసినారను సంగతియే దానికి తెలియక, ఐడిల్ అదుపునకు పూనుకొనదు. కావున క్రొత్త రెక్క మూత ఎక్కడ, తెరపు ఎక్కడ అని కంప్యూటరుకు మరల చూపించుట అవసరము. ఈ పనినే మెకానిక్కులు రీలెర్నింగ్ అందురు. షెడ్డులో త్రిప్పిన ఆ స్క్రూ ఐడిల్ సవరించుటకు ఉద్దేశించినది కాదు. రెక్క ఎక్కడ ఆగవలెనో నిర్ణయించి కర్మాగారమున బిగించినది. దానిని ఎన్నడును కదల్పనీయకుడు.

కొనుటకు ముందు

నా అనుభవములో థ్రాటిల్ బాడీని అనవసరముగా మార్చుట చాలమారులు జరుగుచున్నది. సొమ్ము తీయకమునుపు ఈ క్రింది పరీక్షలు చేయుమని మెకానిక్కును గట్టిగా అడుగుడు; అతడు విసుగుకొన్నను వెనుదీయకుడు.

ముందుగా గాలి వడపోతను తీసి చూడవలెను. మన మట్టిబాటలపై తిరుగు బండికి కంపెనీవారు చెప్పిన గడువుకంటె ముందే అది మూసికొనిపోవును. వడపోతనుండి వచ్చు రబ్బరు గొట్టము మడతలలో పగుళ్లున్నవేమో వ్రేలితో విప్పి పరీక్షింపవలెను. థ్రాటిల్ బాడీ తరువాత చిన్న గొట్టమేదైన ఊడియున్నచో, ఐడిల్‌లో బుసకొట్టు చప్పుడు వినవచ్చును. లెక్కకు రాని గాలి అచ్చటనుండి దొంగతనముగా లోపలికి పోవుచున్నదన్నమాట. తరువాత బ్యాటరీ. ఇంజను ఆపి కొంతసేపైన పిదప సుమారు 12.6 వోల్టులు, నడచుచుండగా సుమారు 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉండవలెను. బ్యాటరీ నీరసించినచో రెక్కమోటారు సరిగా తిరుగక, మంచి వస్తువు చెడినట్లు కనబడును.

ఎలుకల సంగతి చెప్పక విడువలేను. పంటచేలో వాటిపై యుద్ధము ప్రకటించు మనము, కొట్టములో నిలిపిన బండి బానెట్టు క్రింద అవి కాపురముండుట గమనింపము. థ్రాటిల్ బాడీకి పోవు సన్నని తీగలలో ఒకటి కొరుకబడినను, వచ్చు లక్షణములన్నియు థ్రాటిల్ బాడీ పోయినట్లే ఉండును. వేరుసెనగ బస్తాలప్రక్కన బండి నిలుపువారు ఈ తీగలను తరచుగా చూచుకొనవలెను.

ఆ తరువాత స్కానర్ పెట్టించవలెను. సామాన్యముగా స్టీరింగు క్రిందిభాగమున పదునారు సూదులు పట్టు సాకెట్టు ఒకటి ఉండును. కంప్యూటరు తాను కనిపెట్టిన తప్పును ఒక సంకేతముతో చెప్పును. పి 0506 అనిన ఐడిల్ వేగము ఉండవలసినదానికంటె తక్కువ. పి 0507 అనిన హెచ్చు. పి 0171 అనిన మిశ్రమమున గాలి హెచ్చైనది. అపుడు పగిలిన గొట్టమును వెదకుట ముందు. పి 2135 అనిన రెండు సెన్సార్ల లెక్క కుదరలేదు. తీగలు, కనెక్టరు సరిచూచి, అవి బాగున్నచో థ్రాటిల్ బాడీని అనుమానింపవచ్చును. సంకేతము చూపినంత మాత్రమున సామాను పోయినదని అర్థము కాదు. చాడీ విని తీర్పు చెప్పరాదు కదా! సంకేతములు చదువు చిన్న పరికరమును ఊరిలో నలుగురు బండ్లవారు కలిసి కొనుట మంచిది. అట్టిది అన్ని బండ్లకును నేర్పుపని చేయజాలదు గాని, చదువుటకు చాలును.

మకిలి మాత్రమే కారణమైనచో మార్పిడి అక్కరలేదు, శుభ్రపరచిన చాలును. ఇంజను చల్లారిన పిదప, మంటకు దూరముగా, థ్రాటిల్ బాడీకనియే అమ్ము క్లీనరును మెత్తని గుడ్డకు చల్లి, రెక్క అంచును, గొంతును తుడువవలెను. గరుకు కాగితము, స్క్రూడ్రైవరు కొన, వైరు బ్రష్షు తగులనీయరాదు. కొన్నింటి రెక్కలకు సన్నని పూత ఉండును, అది పోయినచో మకిలి మరింత త్వరగా పట్టును. మోటారుగల రెక్కను వ్రేలితో బలవంతముగా త్రిప్పరాదు, లోపలి పళ్లచక్రములు విరుగును. తాళము వేసియున్నపుడు అందులో వ్రేలు పెట్టుట మరింత ప్రమాదము. రెక్క హఠాత్తుగా మూసికొని వ్రేలిని గాయపరచును. కొందరు మొత్తమును విప్పి కిరసనాయిలు గిన్నెలో ముంచుచుందురు. ఆ సెన్సార్లు మరల బ్రతుకునని ఆశింపకుడు.

మార్చునపుడు

పరీక్షలన్నియు అయి, నిజముగా మార్చవలసివచ్చినచో, పాతదానిపైనున్న నెంబరును క్రొత్తదానితో అక్షరమక్షరము సరిచూడుడు. చూచుటకు ఒకే రీతిగానుండి, లోపలి సెన్సారు లెక్క వేరుగానుండు సామానులు బజారులో కలవు. క్రొత్త ప్యాకింగు కూడ కొనుడు. పాత ప్యాకింగు తిరిగి వేసినచో గాలి దొంగిలించుటకు దారి ఏర్పడును.

బిగింపు పెద్ద కష్టమైన పని కాదు. ఇంజను చల్లారవలెను, తాళము తీసి కొన్ని నిమిషములు ఆగి, బ్యాటరీ మైనస్ తీగ విప్పవలెను. గాలి గొట్టము క్లిప్పు వదులుచేసి, కనెక్టరును తీగపట్టి లాగక కొక్కెము నొక్కి తీయవలెను. కొన్ని బండ్లలో కూలెంటు గొట్టములు కూడ థ్రాటిల్ బాడీగుండా పోవును. వానిని వేడిమీద విప్పినచో ముఖము కాలును. మూడో నాలుగో బోల్టులు తీసిన పిదప తెరచుకొన్న ఇంజను నోటిలో శుభ్రమైన గుడ్డ పెట్టవలెను. అందులో ఒక్క వాషరు పడినను ఇంజనుకే ముప్పు. క్రొత్తది పెట్టకమునుపు ఆ గుడ్డ తీయుట మరువరాదు. నవ్వకుడు, మరచినవారు కలరు. బోల్టులను ఒకదానికెదురుగా ఒకటి కొంచెము కొంచెముగా బిగించవలెను. గాలి గొట్టముల దిమ్మ నేడు ప్లాస్టిక్కుతో చేయబడుచున్నది. పాత అంబాసిడరుకు బిగించినట్లు బలముచూపినచో మరలు చిట్లును. కూలెంటు గొట్టములు విప్పియున్నచో, తరువాత మట్టము చూచి, లోపలి గాలి వెడలించి నింపవలెను.

మరల నేర్పుట

ఇది ముఖ్యమైన ఘట్టము. అన్ని బండ్లకు సరిపోవు ఒకే పద్ధతి లేదు. బండి తయారుచేసినవారి సర్వీసు పుస్తకమున చెప్పినదే ప్రమాణము. అయినను మూడు పాఠములు ఉండునని తెలిసికొనిన, మెకానిక్కు చేసినాడో లేదో మీరే గ్రహింపవచ్చును.

మొదటి పాఠము, రెక్క మూత స్థానము. పెక్కు బండ్లలో ఇంజను లేపక, యాక్సిలరేటరు ముట్టక, తాళమును ఆన్ స్థితిలో కొన్ని క్షణములు ఉంచి తీసినచో, కంప్యూటరు రెక్కను మూసి తెరచి ఆ వోల్టేజిని వ్రాసికొనును. బానెట్టు తెరచి చెవియొగ్గినచో రెక్క కదలు చిన్న చప్పుడు వినబడును. కొన్నింటిలో ఇది స్కానర్‌తో ఆజ్ఞ ఇచ్చిననే జరుగును. నిస్సాన్ బండ్ల పుస్తకములలో పెడలు వదలిన స్థానము, రెక్క మూసిన స్థానము, ఐడిల్ గాలి పరిమాణము అని మూడింటిని వేర్వేరుగా, ఆ వరుసలోనే నేర్పవలెనని వ్రాయబడియున్నది. పెడలు పాఠమునకు తాళమును కనీసము 2 సెకండ్లు ఆన్, 10 సెకండ్లు ఆఫ్ చొప్పున రెండు మారులు చేయమని చెప్పబడినది. దీనినే వేరొక బండికి ప్రయోగించిన ఫలితముండకపోవచ్చును.

రెండవ పాఠము, ఐడిల్ గాలి. దీనికి ఇంజను పూర్తిగా వేడెక్కియుండవలెను. పై పుస్తకములలో కూలెంటు వేడిమి 70 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గరాదని, బ్యాటరీ వోల్టేజి 12.9కి మించియుండవలెనని నియమము. దీపములు, ఫ్యాను, ఎ.సి. మొదలగునవి ఆపవలెను, చక్రములు నేరుగా ఉండవలెను, గేరు న్యూట్రలులో ఉండవలెను. స్టీరింగు త్రిప్పినను, హెడ్‌లైటు వేసినను ఇంజనుపై బరువు పడును. ఆ బరువుతో నేర్చుకొనిన లెక్క తప్పుడు లెక్క యగును. ఇక్కడనే చాలమంది తొందరపడి, “లేచిందా లేదా చూద్దాం” అని యాక్సిలరేటరు త్రొక్కుదురు. పాఠము చెడిపోవును, మరల మొదటినుండి ప్రారంభింపవలెను.

మూడవది పెట్రోలు పాళ్ల సవరణ. దీనిని బండి నడకలో తానే నేర్చుకొనును. కొంత ఊరిలో ఆగుచు సాగుచు, కొంత రోడ్డుపై ఒకే వేగముతో, ఖాళీ బండిని నడపవలెను. గ్యాసు బండి అయినచో ముందు పెట్రోలుమీద ఐడిల్ కుదిరిన పిదపనే గ్యాసుకు మార్చి చూడవలెను. ముఖ్యముగా బయట అమర్చిన గ్యాసు కిట్లు పెట్రోలు లెక్కనే ఆధారము చేసికొని పనిచేయును.

బ్యాటరీ తీగ విప్పినచో అన్నియు మరచిపోవునని ఒక నమ్మకము కలదు. ఆ ఘాటు సంఘటన జరిగిననాడు ఫోనులో నేనును అదియే సలహా ఇచ్చితిని. ఆయన రాత్రంతయు తీగ విప్పి ఉంచెను. ఉదయము గడియారము సమయము పోయినది గాని, ఇంజను రొద పోలేదు. కొన్ని బండ్లలో ఈ ఉపాయము పనిచేయును. కొన్నింటిలో ఆ లెక్క బ్యాటరీ లేకున్నను చెరగని జ్ఞాపకమున ఉండును. అట్లే స్కానర్‌తో సంకేతమును చెరపుట వేరు, నేర్పుట వేరు. దీపము ఆరినది కదా యని సంతోషించి డబ్బు ఇవ్వకుడు. ఇంజను వేడెక్కిన పిదప ఐడిల్ నిలకడగా ఉన్నదా, హెడ్‌లైటు వేసినపుడు ఒక్కసారి తగ్గి మరల లేచుచున్నదా, వేగము పెంచి హఠాత్తుగా కాలు తీసినపుడు ఆగక, రొదచేయక దిగుచున్నదా యని షెడ్డులోనే చూడవలెను. ఇంజను రొద అణగని బండికి బరువు ఎక్కింపరాదు, ఘాటు దింపరాదు. ప్రయాణములో అట్లు జరిగినచో క్లచ్చి నొక్కి, బ్రేకుతో ప్రక్కకు తీసి, బండి పూర్తిగా ఆగిన పిదపనే తాళము తీయవలెను. కదలుచుండగా తాళము పూర్తిగా తీసివేసినచో స్టీరింగు బిగుసుకొను ప్రమాదము కలదు.

ఆ బండి సంగతి

నా సలహా విఫలమైన మరుసటివారము మేమిద్దరము బండిని కంపెనీ వర్కుషాపునకు తీసికొనిపోయితిమి. అచ్చటి యువకుడొకడు ముందుగా షెడ్డులో త్రిప్పిన స్క్రూను చూచి తల ఆడించెను. ఆ స్క్రూను పాత థ్రాటిల్ బాడీలోనిదానితో పోల్చి యథాస్థానమునకు తెచ్చి, స్కానర్ తగిలించి, మూత స్థానము నేర్పించెను. ఇంజనును వేడెక్కించి, దీపములన్నియు ఆర్పి, చేతులు కట్టుకొని నిలబడెను. మేమును నిలబడితిమి. రొద మెట్టుమెట్టుగా దిగి, వర్కుషాపులోని ఇతర బండ్ల చప్పుడులో కలిసిపోయి, తిరుగుచున్నదా ఆగినదా యను అనుమానము కలిగెను. మొత్తము పనికి అరగంటయైన పట్టలేదు.

రైతు పాత థ్రాటిల్ బాడీని గోనెసంచిలో చుట్టి వెంట తెచ్చియుండెను. పాత సామానును షెడ్డులో వదలక అడిగి తెచ్చుకొనుట మంచి అలవాటు. ఆ యువకుడు దానిని తుడిచి, మీటరు పెట్టి పరీక్షించి, “దీనికేం కాలేదు పెద్దాయనా, మసి పట్టిందంతే” అనెను. రైతు ఒక నిమిషము మాటలాడలేదు. పిదప దానిని మరల అదే గోనెలో చుట్టి సీటు క్రింద పెట్టుకొనెను.

నేను ఇటీవల ఆ ఊరికి పోయినపుడు, బండి పుస్తకము వెనుక అట్టపై ఆయన కుమారుడు కిలోమీటర్ల అంకె వేసి, “థ్రాటిల్ తుడిచినది, నేర్పినది” అని వ్రాసియుంచుట చూచితిని. ఆ గీత క్రింద వడపోత మార్చిన అంకె కూడ కలదు. అదే పుటలో డ్రిప్పు ఫిల్టరు కడిగిన తేదీలును ఉన్నవి.